మూసిన గవాచి

నవంబరు 5, 1957. మంగళవారం. ఎమ్మిగనూరు.

పాఠ్యపథకాలు రాయడానికి కొన్న నోటుబుక్కు ఇది. వెనక వైపు నుంచి నా సొంత మాటలు రాసుకుందామని మొదలుపెట్టాను. ముందు వైపు ఇన్‌స్పెక్టరు గారికి, వెనక వైపు నాకు. నా భార్య వీరమ్మ పురిటికి కౌతాళం పోయి నెల దాటింది. ఇంట్లో నేనూ అక్కా ఇద్దరమే. అక్కతో ఏదైనా చెప్పుకోవచ్చు గానీ, అక్క గురించిన బెంగ అక్కతోనే చెప్పుకోలేను కదా.

వచ్చే మంగళవారం డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు బడి చూడ్డానికి వస్తారట. పన్నెండేళ్ళ సర్వీసులో ఈసారైనా నా పేరు పైకి రాస్తారేమో చూడాలి.

రష్యావాళ్ళు ఆకాశంలోకి కుక్కను పంపించారని పేపర్లో చదివి పిల్లలకు చెప్పాను. అన్నివైపులా మూసిన గోళంలో కుక్కకు గాలి ఎక్కడిది సార్ అని అడిగారు. ప్రాణవాయువును డబ్బాల్లో పెట్టి పంపారని చెప్పాను. అది అయిపోతే? రేపు చెప్తానన్నాను. రేపటికైనా నాకు తెలిస్తే కదా.

సాయంత్రం అక్క ఒక వింత మాట చెప్పింది. "దీపం సుట్టూ రంగుల గాజు తొడిగినట్ల కనపడతాంది బసవా." దసరా నుంచీ అప్పుడప్పుడూ అలా ఉంటోందట. కుడి కణత కూడా నొప్పేనట. ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదంటే నవ్వింది. "నేను ఏసుకోకున్నా దీపమన్నా ఏసుకోనీలే గాజులు." ఇరవై ఏళ్ళకే బొట్టూ గాజులూ పోగొట్టుకున్న మనిషి. తన మీద తనే పరాచికాలాడుతుంది.

నవంబరు 6, బుధవారం

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి అక్క మగ్గం దగ్గర కూలబడి ఉంది. రెండు చేతులతో తల పట్టుకుంది. దారాలు మెలితిప్పడానికి వేళ్ళకు అద్దుకున్న బూడిద నుదుటంతా అయింది. మా వీధిలో ఏ మగ్గం మీద పడుగు అయిపోయినా కొత్త పడుగు కొసలను పాత కొసలకు అతికేది అక్కే. ఒక్కొక్క పోగూ వేలి మీద పెట్టి, మెలి తిప్పి, వందలకు వందలు. ఎంత పొద్దు వాలినా పని సగంలో వదిలి లేచింది లేదు. ఈ రోజు సగంలో వదిలేసింది.

కుడి కన్ను నెత్తురు ముద్ద. రెండుసార్లు వాంతి అయింది. "కంట్లో ఎవురో మేకు దిగ్గొడతాండారప్పా" అంటుంది.

పక్కింటి చౌడమ్మ వచ్చి కళ్ళ కలక అని తేల్చేసింది. చంటిబిడ్డ తల్లి పాలు రెండు చుక్కలు వెయ్యాలంది. కాకపోతే ఉమ్మెత్తాకు పసరు పిండాలంది. ఆకులు కూడా కోసుకొచ్చింది మహాతల్లి. ఉమ్మెత్త పిచ్చెక్కించే ఆకు, కంట్లో పొయ్యడానికి మీ అబ్బ సొమ్మా అని అరిచాను. "సదువుకున్నోడివి, నీకు సెప్పేదెవురు!" అని మూతి ముడుచుకొని పోయింది.

నవంబరు 7, గురువారం

సెలవు పెట్టాను. అక్కకు తగ్గలేదు.

బాగా ఆలోచించాను. వెలుగు కంటికి పని. నొప్పి పట్టిన అవయవానికి విశ్రాంతి ఇవ్వాలని ఐదో తరగతి ఆరోగ్య పాఠంలోనే ఉంది. కళ్ళ కలక వచ్చినా, అమ్మవారు పోసినా మా అమ్మ మమ్మల్ని చీకటి మూల పడుకోబెట్టేది. పెద్దవాళ్ళు చేసేవన్నీ మూఢనమ్మకాలు కావు, కొన్నిటికి వెనక సైన్సు ఉంది. ఈ మాట ఇన్‌స్పెక్టరు గారి ముందు కూడా చెప్పవచ్చు.

మా మట్టి మిద్దెకు కిటికీలు లేవు. పైకప్పులో వదిలిన కంత, గవాచి ఒక్కటే వెలుగుకు దారి. దాని కింద కూర్చునే అక్క దారాలు అతుకుతుంది. నేనే పైకెక్కి గవాచి మీదికి బండ జరిపాను. సందుల్లో తడిమట్టి పూడ్చాను. వాకిలికి రెండు గొంగళ్ళు వేలాడగట్టాను. లోపలికి వచ్చి చూస్తే నా చెయ్యి నాకే కనిపించలేదు. చాలా బాగా కుదిరింది.

ఈ రోజే చంద్రగ్రహణం కూడా. కంటి జబ్బు గ్రహణం వల్లేనని చౌడమ్మ వీధంతా చాటింపు వేస్తోంది.

నవంబరు 8, శుక్రవారం

మధ్యాహ్నం బడి వదిలి చూడ్డానికి వస్తే, అక్క లోపల లేదు. వాకిట్లో ఎర్రటి ఎండలో గోడకానుకొని కూర్చుంది! ఆ కన్ను కూడా తెరుచుకొని!

నాకు కోపం ఆగలేదు. చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరు చేసిందని అరిచాను.

"లోపల ఉండలేకుండా ఉండాను బసవా. ఎలుతురులో కూసుంటే రవ్వంత తేలికగా ఉండాది."

"నీకు తేలిక. కంటికి బరువు."

"నా కన్ను నాకు తెలీదా అబ్బీ?"

"తెలిస్తే ఇంత దాకా ఎందుకు తెచ్చుకుంటావు?" అని రెక్క పట్టి లోపలికి తెచ్చి పడుకోబెట్టాను. గొంగళ్ళ కింద అంచులకు రాళ్ళు పెట్టాను. మళ్ళీ వస్తే ఒట్టేనన్నాను. సరేనంది. నా మీద ఒట్టంటే అక్క దాటదు.

నవంబరు 9, శనివారం

నొప్పి తగ్గుతోందనుకుంటాను. అక్క అరవడం లేదు.

నవంబరు 10, ఆదివారం

కుడి కంటి ముందు చెయ్యి పెట్టి ఎన్ని వేళ్ళు అని అడిగాను. "చెయ్యి యాడుండాది?" అంది.

గదిలో చీకటి కదా. నాకే సరిగ్గా కనిపించలేదు.

నవంబరు 11, సోమవారం

ఉర్దూ తరగతులు చెప్పే రసూల్ సాబ్ ఇంటికి వచ్చి అక్కను చూసిపోయారు. గొంగడి ఎత్తి, ఒక్క చూపు చూసి, నన్ను వాకిట్లోకి లాక్కొచ్చారు.

"ఆదోనికి ఎప్పుడు తీసుకపోతాండావు?"

"రేపు ఇన్‌స్పెక్షను కదా సాబ్. బుధవారం పొద్దున మొదటి బస్సుకు."

"కన్ను పోతే ఇన్‌స్పెక్టరు ఇంకొగటి శాంక్షను చేస్తాడా బసవన్న సారూ?"

ఆయనకేం, ఆయన తరగతిలో పిల్లలు తక్కువ, పనులన్నీ అయిపోయాయి. నా చార్టులు ఇంకా అతికించలేదు. ఒక్క రోజులో ఏమవుతుంది? ఇన్ని రోజులు ఆగింది, ఒక్క రోజు ఆగదా?

ఇన్‌స్పెక్షను కోసం అక్కను ఆపుతున్నానని కాదు. చీకట్లో ఇంకొక రోజు విశ్రాంతి దొరికితే ఆమెకే మంచిదని.

నవంబరు 12, మంగళవారం. ఆదోని.

ఇన్‌స్పెక్టరు రాలేదు. పెద్దకడుబూరు వైపు పోయారట. పదకొండు గంటల దాకా ఇస్త్రీ చొక్కాలో చెమటలు కక్కుకుంటూ నిలబడ్డాను. ఆ మాట తెలియగానే రసూల్ సాబ్ నా చేతిలోంచి హాజరు పట్టీ లాక్కొని "పో" అన్నారు.

బస్సులో ఎండ తగలకుండా అక్క కళ్ళ మీద నా తువ్వాలు కట్టాను. ఇక్కడ మార్కెట్టు దగ్గర ఒక కంటి డాక్టరు పది మంచాల ఆసుపత్రి పెట్టారు. పత్తి బండ్ల మధ్య దారి దొరకబుచ్చుకొని చేరేసరికి సాయంత్రమైంది. చేర్చుకున్నారు.

నవంబరు 13, బుధవారం

డాక్టరు గారు అక్క కన్ను మూయించి రెప్ప మీద రెండు చూపుడువేళ్ళు పెట్టి మెల్లగా నొక్కి చూశారు. తరువాత నన్ను నా కన్ను అలాగే నొక్కుకోమన్నారు. మెత్తగా ఉంది. "ఇప్పుడు మీ అక్కగారిది." ముట్టుకున్నాను. గోలీ. గాజు గోలీ.

ఇది కలక కాదట. నీటికాసులట. తన గదిలోకి పిలిచి విడమరిచి చెప్పారు.

"కంట్లో ఎప్పుడూ నీళ్ళు ఊరుతుంటాయి మాస్టారూ. కన్నీళ్ళు కాదు, లోపలి నీళ్ళు. ఊరినవి పోవడానికి నల్లగుడ్డు అంచున సన్నటి తూము ఉంటుంది. అది మూసుకుంటే నీళ్ళు పోవు. ఊరడం మాత్రం ఆగదు. కన్ను బిగిసిపోతుంది. ఆ బిగువుకు లోపలికి నెత్తురు పోలేదు. నెత్తురు పోకపోతే ప్రాణవాయువు ఎక్కడిది? చూపు మోసే నరం ఊపిరాడక చచ్చిపోతుంది. కొన్ని గంటలు తట్టుకుంటుంది. ఒక రోజు, రెండు రోజులు కూడా తట్టుకోవచ్చు. మీరు వారం దాకా ఆగారు."

"ఉత్త కలక అనుకున్నాం సార్."

"అందరూ అదే అనుకుంటారు."

కన్ను కూడా ఊపిరి పీలుస్తుందని నాకు తెలియదు. పన్నెండేళ్ళుగా ప్రాణవాయువు పాఠం చెబుతున్నాను. ముక్కు, ఊపిరితిత్తులు, కప్పకైతే చర్మం, చేపకు మొప్పలు. కన్ను అని ఏ పుస్తకంలోనూ లేదు.

డాక్టరు గారు ఇంకా ఏవేవో అడిగారు. జవాబులు చెప్పాను.

నవంబరు 14, గురువారం

కంటిపాపను చిన్నది చేసే చుక్కలు రాత్రీ పగలూ వేస్తూనే ఉన్నారు. మద్రాసు నుంచి తెప్పించిన కొత్త మాత్రలు ఇచ్చారు. పొద్దున అక్క గంజి తాగింది, నిలిచింది. ఎనిమిది రోజుల తరువాత మొదటిసారి.

మధ్యాహ్నం కుడి కంటికి ఆపరేషను చేశారు. "నొప్పి పోతుంది. చూపు రాదు" అని ముందే చెప్పారు.

చూపు రాదు. ఈ మాట నేను అక్కకు చెప్పలేదు. డాక్టరు గారే చెప్పారు. "ఒగటి ఉండాది కదా సారూ" అంది.

నవంబరు 15, శుక్రవారం

రెండు కళ్ళకూ కట్టు కట్టారు. ఎడమ కన్ను కదిలితే కుడి కన్నూ కదులుతుందట.

ఎడమ కంట్లో చుక్కలు వేసి కట్టారా అని నర్సు కరీమున్నీసాను అడిగాను. వేశామంది. మళ్ళీ అడిగాను. నాలుగోసారి అడిగేసరికి "చుక్కలు మీకు కూడా వేయమంటారా మాస్టారూ?" అంది.

నవంబరు 16, శనివారం

పక్క మంచం మీది వహీదా బీ పత్తి అంగడి బడే సాబ్ తల్లి. శుక్లాలు తీయించుకుంది. అక్కతో కబుర్లు పడ్డాయి. ఆమె కొడుకు జామపళ్ళు తెచ్చాడు. ఎండ బాగా కాస్తోంది. పత్తి ధూళికి తుమ్ములు ఆగడం లేదు.

రాయాల్సింది ఇది కాదు.

బుధవారం డాక్టరు గారు చెప్పినదాంట్లో ఒక ముక్క నేను రాయలేదు. రాయకపోతే లేనట్లే అవుతుందనుకున్నానేమో. తూము ఎప్పుడు మూసుకుంటుందో ఆయన చెప్పారు. చీకట్లో. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది, దాని చుట్టూ ఉన్న నల్లగుడ్డు పొర పక్కకు జరిగి, ఆ మడత తూముకు అడ్డం పడుతుంది. పుట్టుకతోనే తూము ఇరుకైన వాళ్ళకు ఇక నీళ్ళు కదలవు. వెలుగు పడితే పాప ముడుచుకుంటుంది, మడత కొంచెం సర్దుకుంటుంది. ఎండలో కూర్చుంటే రవ్వంత తేలికగా ఉంటుంది.

ఎండలో కూర్చుంటే రవ్వంత తేలికగా ఉంటుంది.

అది చెప్పి ఆయన అడిగారు. "ఈమెను చీకట్లో ఏమైనా ఉంచారా?"

"లేదు సార్. మామూలుగానే ఉంది ఇంట్లో" అన్నాను.

ఎంత చప్పున అన్నానో! పై అధికారి ప్రశ్న అడిగితే నిజమైన జవాబు కాదు, ఆయనకు నచ్చే జవాబు చెప్పడం నా ఉద్యోగం నాకు నేర్పింది. పిల్లలు ఎంతమంది? నలభై ఇద్దరు సార్. బడికి వచ్చేది ఇరవై ఆరు మంది.

ఉమ్మెత్త పసరు పోయనివ్వనందుకు డాక్టరు గారు నన్ను మెచ్చుకున్నారు కూడా. అది పాపను ఇంకా పెద్దది చేసేదట. మెచ్చుకుంటుంటే తల ఊపాను.

చౌడమ్మను తరిమింది నేను. గవాచి మూసింది నేను. సందుల్లో మట్టి పూడ్చింది నేను. బయటికి వచ్చిన మనిషిని రెక్క పట్టి లోపలికి తెచ్చింది నేను. ఒట్టు పెట్టింది నేను. ఆ గదిలో అక్క కన్ను ఊపిరాడక కొట్టుకుంటుంటే గొంగడి అంచులకు రాళ్ళు పెట్టింది నేను. ఇన్‌స్పెక్టరు కోసం ఒక రోజు ఆపింది నేను. వేరెవరి తప్పయినా బాగుండును దేవుడా, తిట్టుకోవడానికి.

అక్క అతికిన దారాలతోనే నేను టీచరు ట్రైనింగు చదివాను.

నవంబరు 17, ఆదివారం

డాక్టరు గారు ఎడమ కన్ను పరీక్ష చేశారు. అది కూడా అలాంటిదేనట. తూము ఇరుకు. ఈ రోజో, ఏడాదికో, అదీ ఇలాగే బిగుసుకోవచ్చు. ముందే చిన్న ఆపరేషను చేస్తే ఆ భయం చాలావరకు ఉండదన్నారు. "చూపున్న కన్ను. బాగా ఆలోచించుకోండి. మీరు ఒప్పుకుంటేనే."

వహీదా బీ వెంటనే లేచి కూర్చుంది. "తౌబా తౌబా! అచ్ఛా ఉన్న కంటికి కత్తి పెడతారా? ఉన్నది కూడా పోతే గోడలు తడుముకుంటా పోవల్ల బేటీ. వద్దు."

అక్క నా వైపు మొహం తిప్పింది. కట్ల మధ్య ముక్కూ నోరూ మాత్రమే కనిపిస్తున్నాయి.

"నువ్వేమంటావు బసవా? నువ్వెట్ల సెప్తే అట్ల. నా కోసరం నువ్వు పడిన కష్టం ఎవురు పడినారు? గవాచి మూసి, గొంగళ్ళు కట్టి, అంత సేసినావు. నీ మాట ఇంటా."

బయటికి వచ్చేశాను.

నవంబరు 18, సోమవారం

చేయించుకోమని చెప్పాలి. డాక్టరు గారి మాట మీద నాకు నమ్మకముంది. కానీ ఏ మొహంతో చెప్పను? నా మాట విని ఒక కన్ను పోగొట్టుకుంది. ఆ సంగతి తెలియక రెండో కన్ను నా చేతిలో పెడుతోంది.

చెప్పేస్తే? నా మీద నమ్మకం పోతుంది. నమ్మకం పోతే వహీదా బీ మాట వింటుంది. ఆపరేషను వద్దంటుంది. ఏదో ఒక రోజు ఎడమ కన్ను కూడా గోలీ అవుతుంది. కాబట్టి చెప్పకపోవడమే అక్కకు మంచిది.

పై మాటలు మళ్ళీ చదివాను. గవాచి మూసిన రోజు రాసిన మాటలూ ఇలాగే ఉన్నాయి. అక్కకు మంచిది, అక్కకు మంచిది.

నవంబరు 19, మంగళవారం

మధ్యాహ్నం మంచం పక్కన కూర్చొని ఇందులో ఏదో కొట్టేస్తుంటే అక్క అడిగింది.

"ఏం రాస్తాండావు? గీరు గీరుమంటాంది కలం."

"ఊరకే అక్కా."

"ఆ ఊరకేదే సదువు, ఇంటా. కండ్లకి కట్టినారు గానీ సెవులకి కట్టలేదు కదా."

బడి పని అని అబద్ధం చెప్పవచ్చు. ఎందుకో నోరు రాలేదు. మొదటి నుంచీ చదివాను. దీపానికి గాజులు తొడిగిన చోట మూతి బిగించి నవ్వింది. చౌడమ్మను మహాతల్లి అన్నచోట వహీదా బీ కూడా నవ్వింది. ఇన్‌స్పెక్టరు రాని రోజు చదివితే అక్క "అయ్యో, సొక్కా ఇస్త్రీ దండగ" అంది. కన్ను ఊపిరి పీలుస్తుందన్న ముక్క రెండుసార్లు చదివించుకుంది. పదహారో తేదీ దగ్గర జామపళ్ళ దాకా చదివి, రెండు కాగితాలు కలిపి తిప్పి, పదిహేడో తేదీన అక్క నా వైపు మొహం తిప్పిన చోటు అందుకున్నాను.

"ఆగు" అంది. "రెండు కాయితాలు తిప్పినావు."

"లేదక్కా."

"పోగులు రెండు ఒకే సారి వేలికొస్తే నాకు తెలీదా? సప్పుడు వేరే ఉంటాది. ఇడిసిపెట్టింది సదువు."

"అందులో ఏమీ లేదక్కా."

"ఏమీ లేంది సదివేకి నీకేం నొప్పి?"

చదివాను. "రాయాల్సింది ఇది కాదు" దగ్గర నుంచి "ట్రైనింగు చదివాను" దాకా. పద్దెనిమిదో తేదీ కూడా. పిల్లవాడు ఒప్పజెప్పినట్లు, ఎక్కడా ఆపకుండా, తల ఎత్తకుండా. 

అయిపోయింది. అక్క మెల్లగా వహీదా బీ మంచం వైపుకు ఒత్తిగిలింది.

నవంబరు 20, బుధవారం

మాట్లాడదు.

అన్నం కలిపి నోటి దగ్గర పెడితే నోరు మూసుకుంది. కరీమున్నీసా పెడితే తింది.

డాక్టరు గారి దగ్గరికి పోయి ఆ రోజు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ పక్క నుంచి వచ్చే వాళ్ళలో సగం మంది చీకటింట్లోంచే వస్తారు మాస్టారూ. గవాచి మూసినందుకు మిమ్మల్ని ఏమీ అనను. తెలియక చేశారు. అడిగినప్పుడు చెప్పనందుకు అంటాను."  నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఎడమ కంటి సంగతి అడిగితే అక్క "రేపు సెప్తా సారూ" అందట. వద్దనే అంటుంది. నాకు తెలుసు. నిజం చెప్పి పుణ్యం మూటగట్టుకున్నది నేను, దాని ఖరీదు చెల్లించేది ఆమె కన్ను. చెప్పకపోతే ఒక పాపం, చెబితే ఇంకొక పాపం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే.

నవంబరు 21, గురువారం

పొద్దున రౌండ్సుకు వచ్చిన డాక్టరు గారిని అక్క మంచం మీద కూర్చోమంది. నన్ను అడిగి కాదు, తనే మాట్లాడింది. నా ఎరుకలో అక్క ఒక ఆఫీసరుతో సొంతంగా మాట్లాడటం ఇదే మొదలు. నేను గోడ దగ్గర నిలబడ్డాను.

"సారూ, ఆ కంట్లో ఏం సేస్తారు? నాకు సెప్పండి. వానికి కాదు."

"నల్లగుడ్డు మడతలో అంచున చిన్న కిటికీ పెడతానమ్మా. తూముకు అడ్డం పడకుండా నీళ్ళకు ఇంకొక దారి."

"గవాచి మాదిరా?"

"గవాచి మాదిరే."

"సూపుండే కన్నే కదా. చెయ్యి జారితే?"

"జారవచ్చు. వందకు ఒకరికో ఇద్దరికో ఏదైనా కావచ్చు. చేయకపోతే మాత్రం ఈ కన్ను కూడా ఆ దారిన పోవడానికి సగానికి సగం అవకాశం ఉంది. నిజం చెబుతున్నాను."

"అది మల్లీ మూసుకుంటాదా?"

"దాదాపుగా మూసుకోదమ్మా."

 అక్క కట్లు కట్టిన మొహం సరిగ్గా నేను నిలబడ్డ వైపే తిప్పింది.

"మిద్దెక్కి బండ జరిపి మూసేకి ఎవురికన్నా చేతనవుతాదా?"

డాక్టరు గారు నా వైపు చూడలేదు. "ఎవరికీ చేతకాదు."

"అట్లయితే సేయండి."

వహీదా బీ "యా అల్లా" అంది. కాగితం తెస్తే నేను సంతకం పెట్టబోయాను. అక్క చెయ్యి చాచింది. "నా కన్ను. నా యేలు." ఇంకు అద్దించుకొని వేలిముద్ర వేసింది.

నాతో మాట్లాడిన మొదటి మాట అది. రెండో మాట సాయంత్రం. "నువ్వు సెప్పినావని ఒప్పుకోలే. తెలుసునా?" తెలుసన్నాను. "ఎండలో కూసుంటే తేలికని నా కన్ను నాకు సెప్పింది. నీ మాట ఇని దాని మాట ఇనకపోతి. నీదొగటే కాదు తప్పు." అది నన్ను తేలిక చేయడానికి అన్నదో, బరువు పెంచడానికి అన్నదో తెలియలేదు. ఏడ్చాను. వద్దని అనలేదు, ఓదార్చనూ లేదు.

నవంబరు 22, శుక్రవారం

పదిన్నరకు లోపలికి తీసుకుపోయారు. పదకొండుంపావుకు తెచ్చారు. బాగా జరిగిందన్నారు. కట్టు విప్పితే గానీ తెలియదన్నారు.

నవంబరు 23, శనివారం

చుక్కలు వేశారా అని ఒక్కసారే అడిగాను.

నవంబరు 25, సోమవారం

రసూల్ సాబ్ కార్డు రాశారు. ఇన్‌స్పెక్టరు నిన్న కాక మొన్న చెప్పాపెట్టకుండా వచ్చిపోయారట. మాస్టరు లేని బడి బాగా నడుస్తోందని రాశారట. వీరమ్మ వాళ్ళ నుంచి కూడా కబురు, ఇంకా కాన్పు కాలేదు.

అక్కకు చదివి వినిపించాను. "బడికి నువ్వు లేకున్నా జరుగుతాదన్నమాట" అంది. పెదవి చివర ఏదో కదిలింది. నవ్వే అనుకుంటాను. ఈ మధ్య నా అనుకోవడాల మీద నాకే నమ్మకం లేదు.

కట్టు ఎల్లుండి విప్పుతారు. అన్నం సహించడం లేదు. విప్పాక అక్కకు ఏమీ కనపడకపోతే నేను ఎక్కడికి పోవాలి?

నవంబరు 27, బుధవారం

విప్పారు.

కరీమున్నీసా దూది తడిపి రెప్పలు తుడిచింది. కుడి కన్ను తెరుచుకుంది, అది దేన్నీ చూడటం లేదు. ఎడమ కన్ను ఎర్రగా, నీళ్ళు కారుతూ, రెండుసార్లు మూసుకొని తెరుచుకుంది. డాక్టరు గారు వేళ్ళు చూపించారు. "మూడు" అంది. "మాస్టరు గారు ఎక్కడున్నారో చెప్పగలరా?" అంటే "ఆడ, కిటికీకి అడ్డం నిలబడినాడు" అంది.

ఒక్క గంతులో పక్కకు జరిగాను. వార్డంతా నవ్వింది. 

సాయంత్రం ఎండ మంచం మీద పడే వేళకు నన్ను పిలిచి, "ఆ పుస్తకం తీ" అంది. తీశాను. ఒళ్ళో పెట్టుకుంది. అక్కకు అక్షరాలు రావు. ఒక్కొక్క కాగితమే తిప్పుతూ పై నుంచి కింది దాకా చూసింది.

"నా గురించేనా ఇదంతా?"

"నీ గురించే."

"నా పేరు యాడుండాది?"

వెతికాను. ఎక్కడా లేదు. ఇన్ని రోజులూ, ఇన్ని పుటలూ, అక్క, అక్క, అక్క. ఒక్కచోట కూడా పేరు లేదు.

"ఊరంతా అక్కలే అబ్బీ. గుడ్డిదయ్యేది యా అక్కో ఎవురికి తెలియాల? రాయి."

కలం తీసి ఆమె ఒళ్ళోనే పుస్తకం పెట్టి రాశాను.  అక్క పుస్తకాన్ని ఎడమ కంటికి దగ్గరగా తెచ్చుకుంది, దూరం జరిపింది, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. అలా చాలాసేపు చూసింది. చూపు ఆనడం లేదేమో అనుకున్నాను. అప్పుడు గోటితో ఒకచోట పొడిచింది.

"ఇదో, ఈడ. ఈ కొస కలపలేదు నువ్వు."

వంగి చూశాను. 'హ'కూ దాని పక్కన వేసిన కొమ్ముకూ మధ్య వెంట్రుకంత సందు ఉంది. నాకు రెండు కళ్ళున్నాయి, కనిపించలేదు. కలం పెట్టి కలిపాను.

హులిగమ్మ.